మూక అంటే ఎవరు?

ఈ సంచిక కోసం ఒక ఇంగ్లీషు వ్యాసం అనువదిస్తుంటే ‘మాబ్’ అనే మాట దగ్గర నా కలం ఆగిపోయింది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ధాన్యం ధరలు పెరిగినప్పుడు బజారుకొచ్చి వర్తకుల్ని నిలదీసిన స్త్రీల గురించిన వ్యాసమది. ముందు ‘అల్లరిమూక’ అని రాసి, మళ్ళీ కొట్టేశాను.

లాటిన్‌లో ‘మొబిలే వల్గుస్’ అంటే నిలకడలేని సామాన్య జనం. పదిహేడో శతాబ్దం చివర్లో ఇంగ్లీషువాళ్ళు దాన్ని కుదించి ‘మాబ్’ అన్నారు. 1710లో రచయిత జొనాథన్ స్విఫ్ట్ ఈ మాట మీద విసుక్కున్నాడు. ఆయన బాధ భాష పాడవుతోందని. ఆ పేరు పడ్డవాళ్ళ గురించి కాదు. 1971లో చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్, ఆ జనానికి న్యాయమైన ధర గురించి స్పష్టమైన అవగాహన ఉండేదని చూపించాడు. చాలాచోట్ల వాళ్ళు ధాన్యాన్ని దోచుకోలేదు. తాము న్యాయమనుకున్న ధరకు అమ్మించి, డబ్బు యజమానికి ఇప్పించారు.

మన సంగతికొద్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలోనూ, ఇతర గ్రామాల్లోనూ స్త్రీలు గుంపుగా నిలబడి సారాని అడ్డుకున్నారు. 1860 నాటి శిక్షాస్మృతి 141వ సెక్షన్ లెక్కన, ఐదుగురు కలిసి బలప్రయోగంతో లైసెన్సున్న దుకాణం మూయిస్తే అది ‘చట్టవిరుద్ధ సమావేశం’. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఇవాళ మనం దాన్ని ఉద్యమం అంటున్నాం.

హక్కు అడిగేవాళ్ళని చిన్నబుచ్చడం ఈ మాటకున్న ఒక ఉపయోగం. రెండోది ఇంకా ప్రమాదకరం: చంపినవాళ్ళని దాచడం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చనిపోయిన ఎనిమిది మందికీ పేర్లున్నాయి. చంపింది ఎవరన్న ప్రశ్న ఆ తీర్పు దగ్గర జవాబు లేకుండా మిగిలింది. ‘మూక చంపింది’ అని మనమూ రాస్తే ఆ ప్రశ్న అడగడం కూడా మానేసినట్టే. కులం, భూమి, పాత కక్ష అన్నీ ఆ ఒక్క మాట చాటుకి వెళ్ళిపోతాయి.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 103(2) సెక్షన్‌లో ‘మాబ్’ అన్న మాట లేదు. కులం, లింగం, భాష వంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి హత్య చేస్తే, ఆ బృందంలో ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం అంటుంది. ఆ చట్టం అమలు మీద మనకు ఎన్ని అనుమానాలున్నా, ‘ప్రతి ఒక్కరూ’ అన్న మాట మనం నేర్చుకోవాల్సిందే.

అందుకే ఈ పత్రికకు రిపోర్టులు పంపే మిత్రులకు ఒక విన్నపం. ‘మూక’ అని రాసే ముందు ఆగండి. ఎవరు వచ్చారు, ఎంతమంది, ఏమడగడానికి, ఎవరి మీదికి? తెలిసినంత రాయండి. నా అనువాదంలో కొట్టేసిన మాట స్థానంలో ఇప్పుడిలా ఉంది: ‘గింజల ధర తగ్గించమని వచ్చిన ఆడవాళ్ళు’. మాట పొడవైంది, నిజమే. కానీ అందులో మనుషులు కనిపిస్తున్నారు.