గూడు బండ్లు తొక్కిన గడ్డి ఎవరిది?

అమెరికా పడమటి రాష్ట్రాల మ్యూజియాల్లో సాయంత్రం పూట జనాన్ని పిలిచి ఓరెగాన్ బాట కథ చెప్పే కార్యక్రమాలు జరుగుతుంటాయి. తెల్లవాళ్ల బండి వలస అసలెట్లా సాగిందో, సినిమాల్లో చూపించిందాంట్లో ఎంత అబద్ధమో విడమరిచి చెప్తారు. మంచి పనే. ఆ సినిమాలు మనమూ చూశాం కదా. గూడు బండ్లు గుండ్రంగా నిలబడి ఉంటాయి, చుట్టూ తలకి ఈకలు కట్టుకున్న ‘రెడ్ ఇండియన్లు’ కేకలేస్తూ తిరుగుతుంటారు. చూస్తున్న మనమేమో బండ్లలో ఉన్నోళ్లు బతకాలని కోరుకున్నాం!

ఆ బాట మిస్సోరీ నది దగ్గర మొదలై ఓరెగాన్‌లోని విల్లామెట్ లోయ దాకా దాదాపు 3,200 కిలోమీటర్లు. నాలుగు నుంచి ఆరు నెలల నడక. నడకే, ఎందుకంటే బండి నిండా పిండి బస్తాలు, ఎండు మాంసం, సామాన్లు. లాగేవి ఎక్కువగా ఎద్దులు. ఎద్దుల బండి తోలినోళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. బండ్లని గుండ్రంగా నిలిపింది చాలావరకు రాత్రి పశువులు తప్పిపోకుండా ఉండటానికే. ఎక్కువ మందిని చంపింది బాణం కాదు, గత్తర. కొందరు నదుల్లో మునిగారు, కొందరు సొంత తుపాకులు పేలి పోయారు, పిల్లలు చక్రాల కింద పడ్డారు. 1840 నుంచి 1860 దాకా రెండున్నర లక్షల మందికి పైగా పడమటికి పోతే, ఆ ఇరవై ఏళ్లలో ఆదివాసుల చేతుల్లో చనిపోయినవాళ్లు 362 మంది అని జాన్ అన్రూ అనే చరిత్రకారుడు లెక్క తేల్చాడు. వలసదారులు చంపిన ఆదివాసులు 426 మంది. అదే బాట మీద వలసదారుల్ని నదులు దాటించింది, దారి చూపింది, సాల్మన్ చేపలు అమ్మింది కూడా ఆదివాసులే.

ఇంతవరకు చెప్పి చాలా చోట్ల సభ ముగిస్తారు. మా అభ్యంతరం అక్కడే. బండ్లోళ్లు పడ్డ కష్టం నిజం. వాళ్లలో అప్పులతో చితికిన రైతులూ ఉన్నారు. కానీ ఆ కష్టాన్నే చెప్పుకుంటూ పోతే, వినేవాడికి చివరికి ఆ భూమి కష్టపడి సంపాదించుకున్నదిలాగే అనిపిస్తుంది. అప్పటికే ఆ దారి పొడవునా ఊళ్లున్నాయి, వేట నేలలున్నాయి, దుంపలు తవ్వుకునే బయళ్లున్నాయి. లక్షల పశువులు ప్లాట్ నది లోయలో గడ్డి మేసేశాయి, అడవిదున్నలు దూరం జరిగాయి. బండ్లతో వచ్చిన గత్తర షయాన్, లకోటా, పానీ గూడేల్నీ ఊడ్చింది.

ఒక ఆవు సంగతి చెప్పాలి. 1854 ఆగస్టులో ఫోర్ట్ లారమీ దగ్గర ఒక వలసదారుడి కుంటి ఆవు తప్పిపోయి లకోటా గూడెంలోకి వచ్చింది. ఒకతను దాన్ని కోసేశాడు. కాంకరింగ్ బేర్ అని తెల్లవాళ్లు రాసుకున్న పెద్దమనిషి బదులుగా గుర్రం ఇస్తానన్నాడు. ఆవు యజమాని ఒప్పుకోలేదు. గ్రాటన్ అనే కుర్ర అధికారి 29 మంది సైనికుల్ని, ఫిరంగుల్ని తెచ్చి కాల్పులు మొదలుపెట్టించాడు. పెద్దమనిషికి ప్రాణం తీసే గాయాలయ్యాయి, సైనికులంతా చచ్చారు. మరుసటి ఏడాది 1855లో జనరల్ హార్నీ బ్లూ వాటర్ వాగు దగ్గర గూడెం మీద పడి 86 మందిని చంపాడు. ఆవు ఖరీదు అంత.

భూమి సంగతి ఇంకా ఘోరం. 1850లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసి ఓరెగాన్‌లో ఒక్కో తెల్ల మగవాడికి 320 ఎకరాలు, పెళ్లయితే భార్యాభర్తలిద్దరికీ కలిపి 640 ఎకరాలు ఉచితంగా ఇచ్చింది. కయూస్, ఉమటిల్లా, వాలా వాలా తెగలతో ఒప్పందం రాసుకుంది 1855లో! అంటే పట్టాలు ముందు, సంతకాలు తర్వాత. ఆ సంతకాలతో పోయింది 64 లక్షల ఎకరాలు. మన ఏజెన్సీలో 1/70 చట్టం ఎందుకు పుట్టిందో, దాన్ని ఎట్లెట్లా తప్పించుకుంటున్నారో చూస్తున్నవాళ్లకి ఈ వరస కొత్తేం కాదు.

ఇదే కథని ఆ మూడు తెగలు సొంతంగా చెప్పుకునే మ్యూజియం ఒకటుంది. పెండిల్టన్ ఊరి దగ్గర, తమ రిజర్వేషన్‌లోనే 1998లో తెరిచారు. పేరు టమాస్ట్స్‌లిక్ట్. గదులకి పెట్టుకున్న పేర్లు: మేము ఉన్నాం అప్పుడు, మేము ఉన్నాం ఇప్పుడు, మేము ఉంటాం. మిగతా చోట్ల ‘విట్మన్ మారణకాండ’ అని ఒక్క ముక్కలో తేల్చేసే సంగతికి అక్కడ ముందూ వెనకా ఉంటుంది. 1847లో వలస బండ్లతో తట్టు వచ్చింది. మత ప్రచారకుడు, వైద్యుడు అయిన విట్మన్ దగ్గర తెల్ల పిల్లలు చాలామంది కోలుకున్నారు, కయూస్ పిల్లలు వరసగా చచ్చిపోయారు. రోగుల్ని చంపుకున్న వైద్యుడి ప్రాణం తీయొచ్చనేది కయూస్ కట్టుబాటు. విట్మన్‌నీ, భార్యనీ, ఇంకొందరినీ చంపారు. 1850 జూన్‌లో ఐదుగురు కయూస్ మగవాళ్లని ఓరెగాన్ సిటీలో ఉరి తీశారు. వాళ్లని ఎక్కడ పాతిపెట్టారో ఈనాటికీ ఖాయంగా తెలియదు.

1855 ఒప్పందంలో పెద్దలు ఒకటి వదులుకోలేదు: తమ పాత చోట్ల చేపలు పట్టుకునే హక్కు. తర్వాత రైతుల కాలవలకి నీళ్లు మళ్లించి ఉమటిల్లా నదిని ఎండబెడితే సాల్మన్ దశాబ్దాల పాటు కనబడకుండా పోయింది. ఆ కాగితంలో ఉన్న హక్కుని పట్టుకునే తెగలవాళ్లు రైతులతో కూర్చుని నీళ్లకి వేరే దారి చూపించి, 1980లలో పిల్ల చేపల్ని వదలడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ నదిలోకి సాల్మన్ మళ్లీ ఎదురీదుకుంటూ వస్తోంది.