రాత్రిని లెక్కలకు తాకట్టు పెట్టకండి

మారుమూల ద్వీపాలకు హామ్ రేడియో యాత్రలు చేసేవారిలో ఒక వాదం బాగా పాతుకుపోయింది. "లో బ్యాండ్ల మీద రాత్రంతా కూర్చున్నా గంటకు పాతిక సంపర్కాలు దక్కడం గగనం. అదే ఇరవై మీటర్ల బ్యాండు మీద గంటకు నూట యాభై. ఉన్న నాలుగు రోజులనూ ఎక్కడ ఖర్చుపెట్టాలి?" అన్నది ఆ వాదం. వినడానికి ఇంపుగానే ఉంది. ఎక్కాలు వచ్చిన ఏ బాలుడైనా ఒప్పుకుంటాడు. ఎక్కాలు తెలిసి సూర్యగతి తెలియనివారి వాదమిది అని నా మనవి.

ఈ విద్యతో పరిచయం లేని మిత్రుల కోసం రెండు మాటలు. లైసెన్సు పొందిన ఔత్సాహికులు సొంత యంత్రాలతో దేశదేశాలవారితో మాట్లాడుకోవడమే హామ్ రేడియో. జనసంచారం లేని దీవి నుంచి సంకేతం వినబడితే వీరికి పండుగ. అందుకోసం కొందరు లక్షల డాలర్లు పోగుచేసి, ఓడలెక్కి, ఆ దీవులలో కొన్నాళ్ళు డేరాలు వేసుకొని ప్రసారం చేసి వస్తారు. 1.8, 3.5 మెగాహెర్ట్జుల ప్రాంతంలోని నూట అరవై, ఎనభై మీటర్ల బ్యాండ్లను వారు లో బ్యాండ్లంటారు. పగలు ఆకాశంలోని 'డి' పొర ఈ తరంగాలను మింగివేస్తుంది. సూర్యుడస్తమించగానే ఆ పొర కరగిపోతుంది. అప్పుడు దాని పైనున్న 'ఎఫ్' పొర వాటిని మళ్ళీ భూమి వైపు తిప్పుతుంది. అంచేత మాట దూరదేశం చేరాలంటే ఇటూ చీకటి ఉండాలి, అటూ చీకటి ఉండాలి, నడుమ దారి పొడుగునా చీకటి ఉండాలి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఇక్కడ మాత్రం దీపం ఆరాకనే చక్కబెట్టుకోవాలి.

ఒక ఉదాహరణ చూడండి. దక్షిణ అట్లాంటిక్‌లో, 54 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, నార్వేకు చెందిన బూవే అనే మంచుదీవి ఉన్నది. మనుషులు లేరు, రేవు లేదు. 2018లో అక్కడికి వెళ్ళిన బృందం దీవి అంచుల దాకా పోయి కూడా, వాతావరణమూ ఓడ యంత్రమూ మొండికేయడంతో దిగకుండానే తిరిగివచ్చింది. 2023 ఫిబ్రవరిలో మరొక బృందం అలలలో ఈదుకుంటూ ఒడ్డెక్కి, అనుకున్న సామగ్రిలో కొంతతోనే విడిది ఏర్పరచి, 20 వేలలోపు సంపర్కాలు చేసింది. ఆ సాహసానికి నా నమస్కారం. నా వాదం వారిమీద కాదు. ఇకముందు ఇటువంటి యాత్రలు తలపెట్టేవారితో.

ఫిబ్రవరి అక్కడ వేసవి. సముద్రం కాస్త దయతలచేది అప్పుడే కాబట్టి యాత్రలూ అప్పుడే. కాని వేసవి గనుక రాత్రి సుమారు తొమ్మిది గంటలే. ఫిబ్రవరి రెండవ వారంలో అక్కడ సూర్యాస్తమయం మన గడియారంలో రాత్రి ఒంటిగంట ప్రాంతంలో. మన కోస్తాలో తెల్లవారేది ఆరున్నర ప్రాంతంలో. ఆ దీవికీ మనకూ ఉమ్మడి చీకటి అయిదున్నర గంటలు. జపానుకు రెండు గంటలు. అమెరికా పశ్చిమతీరానికి మూడు గంటలు. ఇరవై మీటర్ల బ్యాండును పగటిపూట ఎప్పుడైనా వెదుక్కోవచ్చు. ఈ రెండు గంటలు పోతే జపానువాడికి ఆ రోజు పోయినట్లే. అందులోనూ సూర్యోదయ సూర్యాస్తమయ సంధ్యలలో కొద్ది నిమిషాల పాటు సంకేతం ఒక్కసారిగా పుంజుకొంటుంది. మన పూర్వులు సంధ్యాకాలానికి ఊరకనే విలువ ఇవ్వలేదు సుమండీ!

మరి ఆ గంటలను నూట యాభైల లెక్కకు ధారపోయడం ఎటువంటి పని? ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి గనుక నాకు తోచిన పోలిక చెబుతాను. ముందు బల్లల పిల్లలకే మళ్ళీ మళ్ళీ పాఠం చెప్పి, వెనుక బల్లల వైపు కన్నెత్తి చూడకుండా, ఉత్తీర్ణత శాతం గొప్పగా చూపించే ఉపాధ్యాయుని పని అది. ఇరవై మీటర్ల మీద దొరికినవాడే పదిహేను మీద, పది మీద మళ్ళీ దొరుకుతాడు. సంఖ్య పెరుగుతుంది, కొత్తవాడెవడు?

"డబ్బిచ్చేవారు పెద్ద సంఖ్య అడుగుతారు" అని ఒక సమాధానం ఉన్నది. నిజమే, 2011లో కిరితిమాతి దీవి నుంచి టీ32సీ బృందం 2 లక్షల 13 వేలకు పైగా సంపర్కాలు చేస్తే లోకం చప్పట్లు కొట్టింది. కాని విరాళమిచ్చే పాతకాపులను అడిగి చూడండి. ఆ దీవితో పై బ్యాండ్లన్నీ వారికి ఏనాడో అయిపోయాయి. మిగిలినది నూట అరవై ఒక్కటే. వారు డబ్బిచ్చేదే దానికోసం.

ఇంకొందరు "ఎఫ్‌టీ8 వచ్చిందిగా, ఇంక బెంగ ఏమిటి?" అంటారు. 2017లో వచ్చిన ఆ కంప్యూటరు పద్ధతి చెవికి అందని సంకేతాన్ని కూడా పదిహేను సెకన్ల విడతలలో పట్టుకొంటుంది. గొప్ప విద్యే. అయినా యంత్రం ఎంత తెలివైనదైనా రాత్రిని ఒక్క ఘడియ పొడిగించలేదు. చీకటి వేళ ఆపరేటరు ఇంకో బ్యాండు మీద ఉంటే ఎఫ్‌టీ8 ఎవరి మాట పట్టుకొంటుంది?

కనుక ప్రణాళిక వేసేవారికి నావి నాలుగు కోరికలు. మొదటిది, లో బ్యాండు యాంటెన్నా మొదటి రోజే నిలపాలి. నూట అరవైకి నాలుగో వంతు తరంగమంటే 40 మీటర్ల ఎత్తు, పదమూడంతస్తుల మేడంత. అది కుదరదు గనుక 18 మీటర్ల స్తంభమెత్తి మిగతా తీగను పక్కకు వంచుతారు. ఇది శ్రమతో కూడిన పని కాబట్టి చివరికి వాయిదా పడుతుంది. తుఫాను వస్తే విడిది ఎత్తేయవలసిన చోట చివరి రాత్రిని నమ్ముకోవడం అవివేకం. ఉప్పునీరు మంచి వాహకం గనుక స్తంభం ఒడ్డునే ఉండాలి.

రెండవది, వినడానికి వేరే యాంటెన్నా కావాలి. పెద్ద స్తంభం ఉరుముల రొదనూ విడిదిలోని జనరేటరు గోలనూ కూడా పోగుచేస్తుంది. చిన్న లూపు యాంటెన్నా దూరంగా పెట్టి, వినవలసిన దిక్కుకు తిప్పితే సన్నని సంకేతం తేటపడుతుంది. అది లేకుండా ఎంత శక్తితో ప్రసారం చేసినా, మనం బదులు పలకడం చెవిటివాని ముందు శంఖమూదినట్లే.

మూడవది, ఏ దిక్కుతో ఎన్ని గంటల ఉమ్మడి చీకటి ఉన్నదో ముందే లెక్కగట్టి, ఆ పట్టిక ప్రకటించి, ఆ వేళలో ఒక ఆపరేటరును కదలకుండా కూర్చోబెట్టాలి, గంటకు పది సంపర్కాలు వచ్చినా సరే. నాలుగవది మనకే. దీవి వారు జపానును పిలుస్తున్నప్పుడు మనం నోరు మూసుకొని వినాలి. అడ్డంగా అరిచేవాడు తోటివాని రాత్రిని దొంగిలిస్తున్నాడు.

ఇంటింటా సెల్‌ఫోనుండగా ఈ తాపత్రయమెందుకని నవ్వేవారికి ఒక్క మాట. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అండమాను నుంచి ఇటువంటి ప్రసారమే చేస్తున్నది. ఆ నెల 26న సునామీ వచ్చినప్పుడు ఆ యంత్రాలూ ఆ చెవులే బాధితుల కబుర్లు చేరవేశాయి. సన్నని పిలుపును ఓపికగా వినే అలవాటు వినోదంలోనే అబ్బుతుంది.

2024లో శిఖరానికి చేరిన సౌరచక్రం ఇక దిగుముఖం పడుతున్నది. మచ్చలు తగ్గినకొద్దీ పై బ్యాండ్లు నీరసిస్తాయి, లో బ్యాండ్లు తేరుకొంటాయి. రాబోయే ఏళ్ళలో దీవులకు పోయేవారు ఇప్పటినుంచే చీకటి లెక్కలు వేసుకోవాలి. నా లెక్కలో తప్పు కనిపించిన విజ్ఞులు గడియారమూ పంచాంగమూ పట్టుకొని వ్యాఖ్య రాయండి. వాదానికి సిద్ధంగానే ఉన్నాను.