కొండ దీవి అయిన కథ



అచ్చంపేట నుంచి సముద్రం చాలా దూరం. చుట్టూ రాతి గుట్టలు, చెరువులు, దక్షిణాన నల్లమల అడవి. ద్వీపమంటే ఏమిటో అక్కడి పిల్లలు భూగోళం పాఠంలో వల్లె వేస్తారు గాని, చూడాలంటే ఓడ ఎక్కి ఏ లంకకో పోవాలనుకుంటారు. అంత దూరం పోనక్కర లేదు. తెల్లవారుజామున బస్సెక్కితే, లాంచీ దొరికితే, మధ్యాహ్నానికల్లా ఒక ద్వీపం మీద కాలు పెట్టవచ్చు. దాని పేరు నాగార్జునకొండ.

మీరూ, మీ నేస్తాలు నలుగురూ, వెంట పెద్దవాళ్ళొకరూ బయలుదేరారనుకోండి. సద్ది మూట కట్టుకోండి. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు అక్కడి మ్యూజియం మూసి ఉంటుంది. గాలి ఎక్కువగా ఉన్నా, నీరు మరీ తగ్గినా లాంచీలు నడవవు. అంచేత ముందుగా కనుక్కునే ఇల్లు కదలాలి.

దారిలో దిండి జలాశయం వస్తుంది. దిండి వాగు పోయి కృష్ణలో కలుస్తుంది. ఆ వైపు గుట్టల మీద కురిసిన వాన ఎటు పోతుందో మీరూ అటే పోతున్నారన్న మాట. తరవాత దేవరకొండ, ఆ తరవాత నాగార్జునసాగరం. మొత్తం నూరు కిలోమీటర్లకు పైచిలుకు దారి.

సాగరం ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేశారు. పన్నెండేళ్ళకు, 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు. అంత ఎత్తు గోడను రాయి మీద రాయి పేర్చి కట్టారు! ఆ గోడ వెనక నిలిచిన నీటిలోనే మన ద్వీపం ఉంది. కృష్ణ కుడి గట్టున, విజయపురి దక్షిణం అనే చోట లాంచీ ఎక్కాలి.

లాంచీలో మీకు దాదాపు గంట తీరిక దొరుకుతుంది. నీళ్ళలో చేతులు పెట్టకండి, మొసళ్ళున్నాయి. దానికి బదులు ఒడ్డు కేసి చూడండి. నీరు తగ్గిన కాలంలో కొండల చుట్టూ, చెట్టూ చేమా లేని చార ఒకటి, ఒకే మట్టాన, గీత గీసినట్టు కనిపిస్తుంది. జలాశయం నిండితే నీరు సముద్రమట్టానికి 590 అడుగుల ఎత్తున నిలుస్తుంది. అంతకు తక్కువ ఎత్తున్న నేలంతా మునిగిపోతుంది. అంతకు మించి తల ఎత్తిన కొండ ఒంటరిగా ఉంటే దీవి అవుతుంది. ఇంటికి వెళ్ళాక ఒక తాంబాళంలో తడిమన్నుతో రెండు మూడు గుట్టలు చేసి, మెల్లగా నీరు పోసి చూడండి. పటాలు గీసేవాళ్ళు కష్టపడి కొలిచి గీసే సమోన్నత రేఖలను నీరు తనంతట తానే గీస్తుంది.

ఇంతకూ ఈ లాంచీ దేని మీదుగా పోతున్నదో తెలుసా? ఒక రాజధాని మీదుగా! మూడు వైపుల కొండలు, నాలుగో వైపు కృష్ణ. ఆ మధ్య లోయలో సుమారు 1,700 సంవత్సరాల కిందట ఇక్ష్వాకు రాజుల విజయపురి ఉండేది. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు అక్కడి నుంచే ఏలారు. రాజులు వైదిక యజ్ఞాలు చేస్తే, వారి ఇంటి ఆడవాళ్ళు బౌద్ధులకు స్తూపాలు కట్టించారు. అన్నిటి కన్న పెద్దదైన మహాచైత్యానికి వీరపురుషదత్తుడి మేనత్త శాంతిశ్రీ దానం చేసినట్టు రాతి స్తంభాల మీద రాసి ఉంది.

తరవాత ఆ నగరాన్ని లోకం మరిచిపోయింది. దాన్ని మళ్ళీ పట్టి ఇచ్చినవాడు రాజూ కాదు, పండితుడూ కాదు, బడిపంతులు! సూరపరాజు వెంకటరామయ్యగారనే ఆయన అక్కడొక పాత స్తంభం చూసి ఊరుకోక సర్కారుకు తెలియజేశాడు. 1926లో మద్రాసు నుంచి శాసనాల శాఖలోని తెలుగు సహాయకుడు సరస్వతిగారు వచ్చి చూశారు. మరుసటి ఏడు లాంగ్‌హర్స్ట్ దొర తవ్వకాలు మొదలు పెట్టాడు. మహాచైత్యంలో చిన్న బంగారు భరిణె, అందులో ఒక ఎముక ముక్క బయటపడ్డాయి. దాన్ని బుద్ధుడి ధాతువని భావించి, సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి ఇచ్చారు.

ఇంతలో ఆనకట్ట మాట వచ్చింది. లోయ మునగక తప్పదు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యాన లోయంతా తవ్వారు. నూరుకు పైగా చోట్ల పాత కట్టడాలు బయటపడ్డాయి. అన్నిటినీ కాపాడడం ఎవరి తరమూ కాదు. అంచేత ముఖ్యమైనవి కొన్నిటిని ఎంచి, కొలతలు తీసుకుని, పటాలు గీసుకుని, నీటికి అందని కొండ మీదికి చేర్చి మళ్ళీ కట్టారు. మరి కొన్నిటికి నమూనాలు చేశారు. ఆ కొండ మీద అప్పటికే రెడ్డిరాజుల కాలపు కోట ఒకటి ఉంది. ఇక్ష్వాకుల రాళ్ళు రెడ్ల కోటలో తల దాచుకున్నాయన్న మాట!

దీవి వచ్చింది, దిగండి. కోట గోడ పక్కగా నడిస్తే మహాచైత్యం కనిపిస్తుంది. పైకి ఎక్కువ ఎత్తు లేదని పెదవి విరవకండి, దాని అడుగు చూడండి. గుండ్రని ప్రహరీ, నడుమ నుంచి బండిచక్రం ఆకుల్లాగా గోడలు. అసలు చైత్యం అడ్డకొలత సుమారు 32 మీటర్లు. అంత పెద్ద దిబ్బను మొత్తం ఇటుకతో నింపితే ఎన్ని ఇటుకలు కావాలి? ఆకుల వంటి గోడలు కట్టి, సందుల్లో మట్టి నింపితే ఇటుక కలిసివస్తుంది, మట్టీ జారిపోదు. పైగా చక్రం బౌద్ధులకు ధర్మానికి గుర్తు.

1966లో తెరిచిన మ్యూజియంలో పలనాటి సున్నపురాతి శిల్పాలున్నాయి. నాకన్నిటి కన్న నచ్చినది మాత్రం ఒక శాసనం సంగతి. బోధిశ్రీ అనే ఉపాసిక ఇక్కడ చైత్యగృహం కట్టించి, తామ్రపర్ణి ద్వీపం నుంచి వచ్చిన భిక్షువులకు అంకితం చేసింది. తామ్రపర్ణి అంటే సింహళం. సముద్రం నడుమ దీవి నుంచి వచ్చిన ఆ భిక్షువులు తిరిగిన లోయలోని కొండే ఇప్పుడు దీవి అయి కూర్చుంది!

బయటికి రాబోయే ముందు మునిగిన లోయ నమూనా చూసి తీరాలి. మీరు నిలుచున్న కొండ అందులో ఎక్కడుందో నేస్తాలతో పందెం వేసి కనిపెట్టండి. మహాచైత్యం ఎటు, క్రీడారంగం ఎటు, గుర్తు పెట్టుకుని బయటికి వచ్చి అటే చూడండి. నీళ్ళు తప్ప ఏమీ కనిపించవు. రాళ్ళను ఎత్తి తెచ్చారు గాని, పుల్లారెడ్డిగూడెం వంటి ఊళ్ళను ఎవరు ఎత్తి తెస్తారు? అక్కడివాళ్ళు మూటాముల్లె కట్టుకుని వేరే చోట్లకు పోయారు. వాళ్ళ పొయ్యిరాళ్ళకూ, రచ్చచెట్టుకూ ఏ కొండ మీదా నమూనా లేదు. ఆ నీటితో నల్గొండ, గుంటూరు జిల్లాల్లో వరి పండుతున్నదీ నిజమే. మీ అచ్చంపేటకు మాత్రం ఈ నీరు దానంతట అది రాదు. మీ ఊరు జలాశయం కన్న ఎంతో ఎత్తున ఉంది.

తిరుగు లాంచీ తప్పిపోతే దీవి మీద రాత్రి ఉండనివ్వరు, అంచేత వేళకు రేవు చేరండి. ఒడ్డు చేరాక పొద్దుంటే అనుపు దాకా పోండి. క్రీడారంగాన్ని అక్కడికి మార్చి కట్టారు. నాలుగు పక్కలా మెట్లు, నడుమ సుమారు 16 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు గల బయలు. ఒకరు నడుమ నిలబడి గుసగుసలాడండి, మిగిలినవాళ్ళు పై మెట్టు మీద కూర్చుని ఎంత వినిపించిందో చెప్పాలి.

పాత లోయలో ఆ రంగానికి ఎగువన, గుట్ట మీద హారీతి గుడి ఉండేది. హారీతి అయిదు వందల మంది బిడ్డల తల్లి అయిన యక్షిణి. అయినా ఊళ్ళో వాళ్ళ బిడ్డలను ఎత్తుకుపోయి తినేదట. బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డను తన భిక్షాపాత్ర కింద దాచాడు. ఆమె లోకమంతా వెతికి, ఏడుస్తూ వచ్చింది. "అయిదు వందల మందిలో ఒక్కడు కనిపించకపోతేనే నీకింత దుఃఖమా? ఒక్కడే ఉన్నవాళ్ళ మాటేమిటి?" అని బుద్ధుడు అడిగాడు. నాటి నుంచి ఆమె పిల్లలను కాపాడే దేవత అయిందని కథ.

మీ పక్కనే ఇలాంటి చోటు మరొకటి ఉంది. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, ఆలంపురానికి తెచ్చి మళ్ళీ కట్టారు. అది నమూనా కాదు, అసలు గుడే. ఇక బస్సెక్కండి, దేవరకొండ చేరేసరికి చీకటి పడుతుంది. అక్కడి కోట సంగతి వచ్చే నెల చెబుతాను.