పై ఇంటి రోలు

పొద్దున్నే ఆరు కాకముందే మా పై ఇంట్లో రోలు మొదలవుతుంది. అల్లం, వెల్లుల్లి దంచుతారు. ఒంటి చేత్తో ఎత్తగలిగే చిన్న రాతి రోలే. కానీ ఆ దెబ్బ మా పడగ్గది కప్పులోంచి గోడల్లోకి, గోడల్లోంచి మంచం కోళ్లలోకి దిగి, దిండు మీద ఆనించిన చెవి దాకా వస్తుంది. మాకు రెండంతస్తుల కిందుండే పెద్దాయన ఒకరోజు లిఫ్టులో కలిసి, "పొద్దున్నే దంచేది మీ ఇంట్లోనేనాండీ?" అని అడిగారు. అదే ఇంట్లో ఆ ఇల్లాలు పిల్లల్ని బడికి తయారుచేస్తూ ఎంత గట్టిగా కేకలు వేసినా, కిటికీలు మూసుంటే మాకు ఒక్క ముక్క వినిపించదు. కేక కప్పు దాటలేదు, రోటి దెబ్బ మూడు కప్పులు దాటింది.

దీనికి జవాబు నాకు చిన్నప్పుడే మా ఊరి దిగుడుబావిలో ఎదురైంది. అప్పుడది జవాబని తెలియదు. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నాలన్నీ ఆ నీళ్లలోనే. ఒకడు ఆ మూల మునిగి రెండు గులకరాళ్లు టక్కున కొట్టేవాడు. ఈ మూల మునిగి ఉన్నవాడికి ఆ చప్పుడు తన తలలోనే పుట్టినట్టు ఉండేది. ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పడం పందెం. గెలిచినవాడు లేడు. ఇంతలో గట్టు మీద నిలబడి మా నాయనమ్మ, "ఒరేయ్, ఇంక చాలు పైకి రండిరా, కళ్లు చూడండి ఎట్లా ఎర్రబడ్డాయో" అని అరిచేది. నీళ్లలో మునిగినవాడికి ఆ అరుపు అందేది కాదు. వినలేదంటే ఆవిడ నమ్మేది కాదు. నిజంగానే వినలేదు.

చప్పుడంటే ఒక రేణువు పక్కదాన్ని నెట్టడం, అది ఆ పక్కదాన్ని నెట్టడం. గాలిలో ఈ నెట్టుడు సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. నీటిలో 1,500 దాకా, కాంక్రీటులో 3,000కు పైగా, ఉక్కులో 5,000కు పైగా. బరువైన పదార్థంలో ధ్వని వేగంగా పోతుందని పిల్లలు బట్టీ పట్టడం చూస్తుంటాను. అది తప్పు. సీసం ఉక్కు కంటే బరువు, అయినా ధ్వని అందులో ఉక్కులోని వేగంలో సగం కూడా పోదు. లెక్కలోకి వచ్చేది బిగువు. నొక్కితే ఎంత గట్టిగా ఎదురుతిరిగితే అంత జోరు. బరువు నిజానికి వెనక్కే లాగుతుంది. నీటిలో ఆ జోరు గాలిలో కంటే నాలుగింతలకు పైనే కాబట్టి, గులకరాయి చప్పుడు రెండు చెవులకూ దాదాపు ఒకేసారి తగులుతుంది. ముందు ఏ చెవికి తగిలిందో చూసుకుని దిక్కు పోల్చుకునే అలవాటు అక్కడ పనిచేయదు.

మరి నాయనమ్మ అరుపు ఏమైంది? పదార్థం మారే చోట ధ్వనికి గడప ఉంటుంది. గాలికీ నీటికీ మధ్య ఆ గడప ఎంత ఎత్తంటే, వెయ్యి పాళ్ల శక్తిలో ఒక్క పాలు మాత్రమే లోపలికి పోతుంది. మిగతాదంతా వెనక్కి తిరిగి ఆకాశంలోకే. పై ఇంటి కేకకూ జరిగేది అదే. గాలిలో పుట్టింది, స్లాబుకు తగిలింది, వాళ్ల గదిలోకే తిరిగిపోయింది. రోకలి దెబ్బ అట్లా కాదు. అది పుట్టడమే స్లాబులో పుట్టింది. బయటి నుంచి రానివ్వని గడప లోపలున్నదాన్ని సులువుగా బయటికీ పోనివ్వదు. అందుకని ఆ దెబ్బ దూలాల వెంట, స్తంభాల వెంట కట్టడమంతా తిరుగుతూ ప్రతి గదిలోకీ కొద్దికొద్దిగా ఊరుతుంది.

వెలుగు తీరు వేరు. దానికి నడవడానికి పదార్థమే అక్కర్లేదు, శూన్యంలోనే దాని పూర్తి వేగం, సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. నీటిలో అది 2.25 లక్షలకు, గాజులో 2 లక్షలకు తగ్గుతుంది. అలా తగ్గుతూ పెరుగుతూ గడప దగ్గర దారి వంచుకోవడం వల్లే బావిలో మా కాళ్లు పొట్టిగా కనిపించేవి. ఇంట్లోనే చూడండి. గాజు తలుపు వేస్తే వెలుగు వస్తుంది, వీధి రొద తగ్గుతుంది. దుప్పటి కట్టి కిటికీ మూస్తే గది చీకటవుతుంది, రొద మాత్రం దాదాపు అంతే ఉంటుంది. రెండడుగుల నీటిని దాటలేని పిలుపు ఇవాళ సముద్రాల కింద నుంచి వస్తోందంటే, దాన్ని వెలుగుగా మార్చి వెంట్రుక లాంటి గాజు తీగలో పంపుతున్నాం కాబట్టే. అమెరికాలో ఉన్న కొడుకు "అమ్మా" అంటే, 14,000 కిలోమీటర్ల తీగ దాటడానికి ఆ వెలుగుకు సెకనులో పదో వంతు కూడా పట్టదు. గాలిలో నడిచొచ్చే మాటే అయితే పదకొండు గంటలు దాటేది.

ఇంత తెలిసిన కాలంలో మన ఇళ్లను ఎలా కడుతున్నాం? ఫ్లాటు కొనేటప్పుడు తూర్పు వాకిలి అడుగుతాం, వెలుగు ఎటు నుంచి వస్తుందో, గాలి ఆడుతుందో లేదో చూస్తాం, టైల్స్ మీద చెయ్యి వేసి మరీ చూస్తాం. పై ఇంట్లో కుర్చీ లాగితే కింద వినిపిస్తుందా అని అడిగినవాళ్లను నేను చూడలేదు. అడగాలి. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతిలో శబ్ద నిరోధానికి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతాయి. కానీ ఆ నిబంధనల చూపంతా ఆరుబయటి రొద మీద. కప్పులోంచి దిగే దెబ్బకు అడ్డు నియమం కాదు, కట్టుబడి. స్లాబుకూ టైల్స్‌కూ మధ్య మెత్తటి పొర ఒకటి పరిస్తే చాలా దెబ్బలు అక్కడే సన్నబడతాయి, ఎందుకంటే అక్కడ కొత్తగా ఒక గడప లేస్తుంది. కట్టేటప్పుడు అది చిన్న పని. కట్టాక చేయాలంటే నేలంతా తవ్వాలి. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లు, పరీక్షలకు చదివే పిల్లలు, అరగంట నిద్ర కోసం అల్లాడే బాలింతలు ఉండే ఇళ్లలో ఆ పొరను విలాసంగా లెక్కగట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. వెలుగుకు పెట్టే ఖర్చులో కొంత నిశ్శబ్దానికీ పెట్టమని బిల్డర్లను నిలదీయాల్సింది కొనేవాళ్లమే. మా నాయనమ్మ రోలు పెరట్లో భూమిలో పాతి ఉండేది. ఆ దెబ్బను మట్టే మింగేది. ఇప్పుడు మన కాళ్ల కింద మట్టి లేదు.

పోయిన ఆదివారం పైకి వెళ్లాను. ఆవిడ టైల్స్ మీదే రోలు పెట్టుకుని పీట మీద కూర్చుని దంచుతున్నారు. "అయ్యో, మీకు వినిపిస్తోందా అన్నయ్యగారూ? ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పలేదేం?" అని నొచ్చుకున్నారు. బియ్యం వచ్చిన గోనెసంచి తెచ్చి నాలుగు మడతలు వేశాం, దాని మీద వాళ్ల స్కూటరు తాలూకు పాత రబ్బరు మ్యాట్ పరిచి, రోలు పైన పెట్టాం. ఆవిడ మళ్లీ దంచడం మొదలుపెట్టారు. రెండు నిమిషాలకు కింద నుంచి మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏమండీ, ఇంకా మొదలుపెట్టలేదా?"