జహీరాబాద్ బండి ఎక్కడైనా ఉందా?

పాత వాహనాల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట ముందు కార్ల మీదికే పోతుంది. ఫలానా వాళ్ల షెడ్డులో పాత ఫియట్ దుమ్ముకొట్టుకుని ఉందట... ఫలానా ఊళ్లో ల్యాండ్‌మాస్టర్ తలుపులు దొరికాయట... హైదరాబాద్ వాళ్లయితే చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపు రంగు రోల్స్‌రాయిస్ సంగతి ఎత్తకుండా ఆ కబుర్లు ముగించరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. 1911లో ఆయన కన్నుమూయడంతో ఏడో నిజాం కొలువుకు చేరింది. వెనక సింహాసనంలాంటి సీటు, చుట్టూ రాజసం. ఊరేగింపులకే బయటికి తీసేవారు. తిరిగింది తక్కువ, ఆగింది ఎక్కువ. వందేళ్లు దాటినా అంత భద్రంగా మిగలడానికి అదే కారణం.

మరి తిరగడానికే పుట్టిన బండ్ల మాటేమిటి? బస్తాలు మోసి, పాలక్యాన్లు మోసి, పెళ్లివారిని మోసి, చివరికి తుక్కు కింద తూకానికి పోయిన బండ్లను ఎవరు దాచుకుంటారు? ఈ ప్రశ్న అడగడానికి జహీరాబాద్‌ను మించిన చోటు లేదు.

ఫ్రిజ్ చేసిన పేరే

హైదరాబాద్ నుంచి ముంబయి రోడ్డు మీద వంద కిలోమీటర్లు దాటాక వస్తుంది జహీరాబాద్. అల్లం, చెరకు పండే నేల. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. 1980ల మధ్యలో ఈ ఊళ్లోంచి జపాన్ పరిజ్ఞానంతో తయారైన తేలికపాటి లారీలు రోడ్డెక్కాయి. ముందు భాగం చదునుగా, ఇంజన్ డ్రైవరు సీటు కింద, నుదుటి మీద రెండు పేర్లు... ఆల్విన్ నిస్సాన్. బండి పేరు క్యాబ్‌స్టార్.

ఆల్విన్ అంటే పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఫ్రిజ్. ఆ తర్వాత జపాన్ సీకో సాయంతో వచ్చిన చేతి గడియారం. నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి 1942లో పెట్టిన హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ ఇనప బీరువాలు చేసింది, బస్సులకు బాడీలు కట్టింది. నగరంలో తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులకూ ఒళ్లు తొడిగింది. అలాంటి సంస్థ నిస్సాన్‌తో చేయి కలిపి జహీరాబాద్‌లో లారీల ఫ్యాక్టరీ పెట్టిందంటే అప్పట్లో అది మామూలు విషయం కాదు.

అప్పుడు దేశంలో ఇలాంటి జోడీలు నాలుగు. పీతంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి, పంజాబ్‌లో స్వరాజ్ మజ్డా, ఢిల్లీకి దగ్గర్లో డీసీఎం టయోటా, మన దగ్గర ఆల్విన్ నిస్సాన్. నాలుగింటికీ ఒకటే చిక్కు వచ్చిపడింది. 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో అయిదు పెద్ద దేశాలు చేసుకున్న ఒప్పందం తర్వాత జపాన్ యెన్ విలువ చకచకా పెరిగింది. అక్కడి నుంచి తెప్పించే విడిభాగాల ధర తడిసి మోపెడైంది. మరుసటి ఏడాదే టాటా సొంతంగా తయారుచేసిన 407తో బరిలోకి దిగింది. చౌకగా దొరికే భాగాలు, ఏ ఊళ్లోనైనా బాగుచేసే మెకానిక్... పోటీ అక్కడే తేలిపోయింది. ఆ దశాబ్దం ముగిసేసరికి ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లింది. 1990ల మధ్యలో ఆ సంస్థలోనే కలిసిపోయింది. ఫ్యాక్టరీ మాత్రం మూతపడలేదు. ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. ఊరికి ఉపాధి మిగిలింది, బండి పేరు పోయింది.

దొరకనిది ఇంజన్ కాదు

పాత లారీని తిరిగి నిలబెట్టాలంటే ఇంజనే పెద్ద సమస్య అనుకుంటారు చాలామంది. తెలిసిన మెకానిక్ దగ్గర అది కాదు అసలు తలనొప్పి. డీజిల్ పంపు, నాజిళ్లు విప్పి క్యాలిబ్రేషన్ చేయించవచ్చు. అరిగిన కింగ్‌పిన్‌కు బుష్‌లు కావాలంటే లేత్ మీద తిప్పించవచ్చు. విరిగిన కమాన్ కట్టలను కొలిమి దగ్గర సరిచేయించవచ్చు. మన ఆటోనగర్‌లు బతికేది ఈ పనుల మీదే.

దొరకనివి వేరే ఉన్నాయి. ముందు అద్దం, దాని చుట్టూ ఉండే రబ్బరు, లైటు మీది గాజు, డ్యాష్‌బోర్డు మీద మీటర్లు... అన్నిటికన్నా ముందు ఆ పేరు రాసిన బ్యాడ్జీ. ఇవి లేత్ మీద తిరగవు, కొలిమిలో సాగవు. ఇంకొక బండి చచ్చిపోతేనే దొరుకుతాయి. అందుకే పాత బండ్ల మీద మోజున్నవాళ్లు తుక్కు దుకాణాల చుట్టూ తిరిగేది. ఒక అరుదైన లైటు గాజు దొరికిన రోజు వాళ్లకు పండగే!

ఇంకో మాట. పాత బండి కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోకూడదు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది. అది ఆర్‌సీలో నంబరుతో కలవాలి. కలవకపోతే ఎంత అందంగా ఉన్నా అది బండి కాదు, ఇనుము. ఆ తర్వాత చూడాల్సింది తుప్పు. తలుపుల అడుగున, క్యాబిన్ నేల కింద చేత్తో తడిమి చూడాలి. బ్రేకు ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఏళ్ల తరబడి ఆగిన బండిలో వీల్ సిలిండర్లు లోపలి నుంచి తుప్పు పట్టి ఉంటాయి. ముందు ఆపడం నేర్పి ఆ తర్వాతే నడపాలి.

పుష్పక్‌కు ఉన్న అదృష్టం

ఆల్విన్ పేరుతోనే వచ్చిన పుష్పక్ స్కూటరు కథ వేరు. అది లాంబ్రెటా వంశం. 1972లో ఏర్పడిన లక్నో స్కూటర్స్ ఇండియా ఇటలీ నుంచి లాంబ్రెటా యంత్రాలను తెచ్చుకుంది. ఆ సాయంతోనే మన దగ్గర పుష్పక్ వచ్చింది. పైపు ఫ్రేము, పక్కకు ఊడివచ్చే రేకులు, చైను మీద నడిచే టూస్ట్రోక్ ఇంజన్. ప్రపంచమంతా లాంబ్రెటా అభిమానులు ఉన్నారు కాబట్టి దీని భాగాలు నేటికీ కొత్తవి తయారవుతున్నాయి. ఆగిపోయిన పుష్పక్ ఇంట్లో ఉంటే ఆవేశపడి కిక్కు కొట్టకండి. ట్యాంకులో పాత పెట్రోలు జిగురై కార్బురేటర్ జెట్‌ను మూసేసి ఉంటుంది. ఎండిపోయిన క్రాంకు ఆయిల్ సీళ్ల గుండా గాలి దూరితే ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. రెండూ సరిచేశాకే కిక్కు.

చట్టం కూడా పుష్పక్ పక్షానే ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి ప్రత్యేక గుర్తింపు దొరుకుతుంది. పాత నంబరు ఉన్నవాటికి అదే కొనసాగుతుంది. కొత్తగా చేయించుకునేవాటికి నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు నడపవచ్చు, రోజువారీ పనికి కాదు.

అయితే ఈ గొడుగు సొంతానికి వాడుకునే ద్విచక్ర వాహనాలకు, కార్లకే. సరుకు మోసిన లారీకి ఇందులో చోటు లేదు. పైగా 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన వాహనాల ఫిట్‌నెస్ ఫీజులు బాగా పెరిగాయి. సంపాదన లేని పాత లారీకి ఏటా ఆ ఫీజు కట్టే యజమాని ఎవరు? క్యాబ్‌స్టార్ 2030ల మధ్యలో యాభై ఏళ్లు నిండేదాకా నిలిచినా, రోల్స్‌రాయిస్‌కు దొరికే గౌరవం దానికి కాగితం మీద దొరకదు.

పనిచేసిన బండిని దాచుకోవడం మనకు తెలియని విద్య కాదు. 1932లో నిజాం రైల్వేల రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. ఆ తరం ఆల్బియన్ బస్సు ఒకటి ‘డెక్కన్ క్వీన్’ పేరుతో హైదరాబాద్ బస్‌భవన్‌లో కొలువుదీరింది. అది మోసింది రాజులను కాదు, టిక్కెట్టు కొన్న జనాన్ని. అయినా సంస్థ అనుకుంది, నిలబెట్టింది. జహీరాబాద్‌లో తయారైన బండికీ అలా అనుకునే సంస్థో, కాలేజీయో, కుటుంబమో కావాలి. రోడ్డు మీద తిరగకపోయినా ఫర్వాలేదు, ఒక కప్పు కింద నిలబడితే చాలు.

ఈలోగా ఎవరైనా చేయగలిగిన పని ఒకటుంది. ఊరి చివర, మిల్లు వెనక, మామిడితోటలో చక్రాలు నేలలోకి దిగిపోయిన పాత లారీ కనబడితే ముందు వైపు వెళ్లి చూడాలి. నుదుటి మీద ఆల్విన్ నిస్సాన్ అని ఉంటే ఫొటో తీసి, ఛాసిస్ నంబరు అచ్చు దించి, యజమానితో మాట కలపాలి. తూకానికి వేసే ముందు ఒక కబురు చెప్పమనాలి. గ్యాస్ కట్టర్ వచ్చాక చెప్పి లాభం లేదు.