'విన్నో' అంటే మనకు చేతనైన పనే!

ఒక సోదరి ఉత్తరం రాశారు. 6వ తరగతి చదువుతున్న వాళ్ళబ్బాయి సైన్సు పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "అమ్మా, విన్నోయింగ్ అంటే ఏమిటి?" అని అడిగాడట. తెలియదన్నారట ఈవిడ. "నీకు ఇంగ్లీషు రాదుగా, నాన్నొచ్చాక అడుగుతాలే" అంటూ వాడు వెళ్ళిపోయాడట. తమాషా ఏమిటంటే, ఆ సమయంలో ఆవిడ చేట పట్టుకుని కందిపప్పు చెరుగుతున్నారు! "సాయంత్రం ఆయన డిక్షనరీ తీసి అర్థం చెప్పేసరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు" అని రాశారు.

అవునండీ, 'విన్నో' అంటే చెరగడమే. గింజనీ పొట్టునీ గాలి సాయంతో విడదీయడం. స్పెల్లింగులో రెండు ఎన్‌లు ఉంటాయి. పిల్లలు రెండో ఎన్ బదులు డి రాసి 'విండో' చేసేస్తుంటారు. నిజానికి ఆ రెండు మాటలూ చుట్టాలే. రెండింటిలోనూ దాగి ఉన్నది 'విండ్', అంటే గాలి. పాత నార్స్ భాషలో కిటికీని 'గాలికన్ను' అనేవారు, 'విండో' అందులోంచి వచ్చింది. (మన గవాక్షంలోనూ కన్ను ఉంది, చూశారా!) గాలిని గుర్తు పెట్టుకుంటే 'విన్నో' మరచిపోరు.

అయితే చేట పట్టే మన ఆడవాళ్ళకు ఆ ఒక్క మాట చాలదు. చేటను ఎగరేస్తూ పొట్టు పోగొడితే చెరగడం. ఎగరేయకుండా అటూ ఇటూ ఆడించి బియ్యంలోంచి నూకలు వేరు చేస్తే నేమడం. ఇందులో గాలికి పెద్దగా పని లేదు కనుక దీనికి 'విన్నో' సరిగ్గా అతకదు కూడా. కళ్ళంలో ఎత్తున నిలబడి, గాలివాటం చూసి ధాన్యం కిందికి వదిలితే తూర్పారబట్టడం. బరువైన గింజ దగ్గరే పడుతుంది, తేలికైన పొట్టూ తాలూ దూరంగా ఎగిరిపోతాయి. పరీక్షలో రాయవలసిన జవాబు కూడా ఇంతే! జల్లించడం మాత్రం వేరు, అది 'సిఫ్ట్'. అక్కడ పనంతా జల్లెడ కన్నాలదే.

పేపర్లలో ఈ మాట ధాన్యం లేకుండానే కనిపిస్తుంది. ఉద్యోగానికి 100 దరఖాస్తులొస్తే, పనికిరానివి తీసేస్తూ 10కి దింపడాన్ని 'విన్నో డౌన్' అంటారు. 'దే విన్నోడ్ ద లిస్ట్ డౌన్ టు టెన్.' ఇక్కడో చిక్కుంది. 'ప్రతిపక్షం మంత్రిని తూర్పారబట్టింది' అంటాం మనం, కడిగి పారేసిందని. దాన్ని 'విన్నోడ్ ద మినిస్టర్' అని రాస్తే ఇంగ్లీషులో అర్థమే ఉండదు. మిమ్మల్ని అత్తగారు తూర్పారబట్టినా అంతే, అక్కడ 'స్కోల్డెడ్' చాలు!

ఉత్తరం రాసిన సోదరికి ఒక మాట. ఈసారి పప్పు చెరిగేటప్పుడు వాణ్ణి పిలిచి చేట చేతికివ్వండి. సగం పప్పు నేలపాలు చేస్తాడు, చేయనివ్వండి. 'ఐ విన్నో, యూ స్పిల్' అని మీరే ఇంగ్లీషులో అనేయవచ్చు.

వచ్చేవారం మాట 'నీడ్'. అవసరం అనే 'నీడ్' కాదు, పలకని కె అక్షరంతో మొదలయ్యేది, చపాతీ పిండి దగ్గరిది.