ఎం.జి.బి.ఎస్. కూడలి: రెండు జిల్లాలకు ఒకే నగర ద్వారం

(ప్రత్యేక వ్యాసం)

2025 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి మూసీ నది పొంగి, హైదరాబాద్‌లోని మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ప్రాంగణంలోకి వరద నీరు ప్రవేశించిన విషయం విదితమే. అక్కడి నుంచి బస్సుల రాకపోకలను తాత్కాలికంగా నిలిపివేసిన ఆర్టీసీ, జిల్లాల సర్వీసులను నగరంలోని ఇతర ప్రాంతాల నుంచి నడిపింది. నల్లగొండ, సూర్యాపేట బస్సులు ఎల్.బి.నగర్ నుంచి, మహబూబ్‌నగర్, కర్నూలు బస్సులు ఆరాంఘర్ నుంచి బయలుదేరాయి. ఎల్.బి.నగర్ చేరుకునేందుకు మెట్రో రైలు ఉంది. ఆరాంఘర్‌కు ఆ సౌకర్యం లేదు. పొరుగు జిల్లాల ప్రయాణికుల మధ్య ఆనాడు బయటపడిన ఈ వ్యత్యాసం ఎం.జి.బి.ఎస్. కూడలి నిర్మాణ క్రమంలోనే ఉన్నది.

నదీ గర్భంలో బస్ స్టేషన్

ఒకప్పుడు జిల్లాల బస్సులకు గౌలిగూడలోని పాత విమానాల షెడ్డు ఆశ్రయమిచ్చేది. పెరిగిన రద్దీ దృష్ట్యా 1994లో మూసీ నది మధ్యనున్న ఇమ్లిబన్ ద్వీపంపై నూతన బస్ స్టేషన్ ప్రారంభమైంది. గౌలిగూడ షెడ్డు 2018 జూలైలో కూలిపోయింది. 1908 నాటి మహా వరద అనంతరం నగర రక్షణకై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మితమయ్యాయి. ఆ జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు దిగువనున్న ఇమ్లిబన్‌కు ముప్పు పొంచి ఉంటుందని 2025 అనుభవం మరోసారి గుర్తుచేసింది.

రెండు మార్గాల కలయిక

మెట్రో రైలు మొదటి దశలో నిర్మించిన 69 కిలోమీటర్ల వ్యవస్థలో మార్గం మారేందుకు వీలున్న కూడళ్లు మూడు: అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్, ఎం.జి.బి.ఎస్. మియాపూర్ - ఎల్.బి.నగర్ మార్గంలోని అమీర్‌పేట - ఎల్.బి.నగర్ భాగం 2018 సెప్టెంబరు 24న ప్రారంభం కాగా, జె.బి.ఎస్. - ఎం.జి.బి.ఎస్. మార్గం 2020 ఫిబ్రవరి 7న అందుబాటులోకి వచ్చింది. పదకొండు కిలోమీటర్ల ఈ రెండవ మార్గంలో 9 స్టేషన్లు ఉన్నాయి. ఎం.జి.బి.ఎస్. స్టేషన్‌లో రెండు మార్గాల ప్లాట్‌ఫారాలు వేర్వేరు అంతస్తులలో ఉన్నాయి. ప్రయాణికుడు వెలుపలికి రానవసరం లేకుండా, మరో టికెట్టు కొననవసరం లేకుండా ఒక రైలు దిగి మరో రైలు ఎక్కవచ్చును.

సూర్యాపేట, దేవరకొండ, నాగర్‌కర్నూలు, కల్వకుర్తి, అచ్చంపేట పట్టణాలకు రైలు మార్గం లేదు. అక్కడి ప్రజలకు బస్సే ఆధారం. వైద్యం కోసం వచ్చే రోగికి ఈ కూడలి విలువ ఎంతటిదో సులభంగా గ్రహించవచ్చును. బస్సు దిగి మెట్రో ఎక్కితే ఆరవ స్టేషన్ గాంధీ ఆసుపత్రి. నిమ్స్‌కు వెళ్లవలసిన వారు మియాపూర్ వైపు రైలులో పంజాగుట్టలో దిగవచ్చును.

రైలు ప్రయాణికుల పరిస్థితి

నల్లగొండ నుంచి రైలులో సికింద్రాబాద్ చేరిన వారికి సమీపంలోనే రెండు మార్గాల మెట్రో స్టేషన్లు ఉన్నాయి. మహబూబ్‌నగర్ రైళ్లకు ప్రధాన నగర స్టేషన్ అయిన కాచిగూడకు ఆ వెసులుబాటు లేదు. నిజాం రైల్వే కాలంలో 1916లో నిర్మితమైన ఈ స్టేషన్ పాలమూరు ప్రజలకు చిరపరిచితం. 1990వ దశకంలో ఈ మార్గం మీటర్ గేజి నుంచి బ్రాడ్ గేజికి మారింది. సికింద్రాబాద్ - మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల డబ్లింగ్‌ను 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు. రైలు మార్గం సామర్థ్యం పెరిగినా, రైలు దిగిన తరువాత మెట్రోను అందుకోవడం మాత్రం సులభతరం కాలేదు. ఇదే మార్గంలోని మలక్‌పేటలో ఎం.ఎం.టి.ఎస్., మెట్రో స్టేషన్లు సమీపంలోనే ఉన్నప్పటికీ, దూర ప్రాంతాల ఎక్స్‌ప్రెస్ రైళ్లలో అధిక భాగం కాచిగూడలోనే ఆగుతాయి.

పూరించవలసిన వెలితి

రెండవ మెట్రో మార్గాన్ని ఫలక్‌నుమా వరకు నిర్మించాలన్నది తొలి సంకల్పం. అది ఎం.జి.బి.ఎస్. వద్దనే ఆగిపోయింది. మిగిలిన 5.5 కిలోమీటర్ల భాగానికి ముఖ్యమంత్రి శ్రీ ఎ.రేవంత్ రెడ్డి 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు. అనంతరం ఈ మార్గాన్ని చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్లకు పొడిగిస్తూ, మొత్తం 76.4 కిలోమీటర్ల రెండవ దశ ప్రతిపాదనలను రాష్ట్ర ప్రభుత్వం అదే ఏడాది కేంద్రానికి పంపింది. వీటి ప్రకారం నాగోల్ నుంచి ఎల్.బి.నగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే మార్గం చాంద్రాయణగుట్ట వద్ద ఎం.జి.బి.ఎస్. మార్గాన్ని కలుస్తుంది.

ఈ ప్రతిపాదనను పాతబస్తీ అవసరంగా మాత్రమే పరిగణించడం పరిపాటి. వాస్తవానికి ఇది పాలమూరు ప్రయాణికుల అవసరం కూడా. రైలులో వచ్చేవారికి ఫలక్‌నుమాలో, బస్సులో వచ్చేవారికి ఆరాంఘర్‌లో మెట్రో అందుబాటులోకి వస్తుంది. వరద సమయంలో ద్వీపంపైనున్న బస్ స్టేషన్ మూతపడినా ప్రయాణం స్తంభించదు. కూడలి ప్రయోజనాన్ని నిర్ణయించేది భవన పరిమాణం కాదు. ఒక వాహనం దిగి మరొకటి ఎక్కేందుకు సామాన్యుడు మూటాముల్లెతో నడవవలసిన దూరం. నల్లగొండ వైపు ఆ దూరం చాలావరకు తగ్గింది. మహబూబ్‌నగర్ వైపు ఇంకా తగ్గవలసి ఉన్నది.